సిపాయి... ఓ ఇంటివాడైతే!

యుద్ధం నుంచి ఇంటికి రావడం ఒక ఎత్తు. జైలు నుంచి ఇంటికి రావడం మరో ఎత్తు. ఆ రెండూ దాటి వచ్చేసరికి అసలు ఇల్లే లేకపోతే? అమెరికాలో వేలమంది మాజీ సైనికులది ఇదే కథ. వాళ్ల చేతికి ఓ తాళంచెవి, ఓ ఉద్యోగం అందించడానికి అక్కడ దాదాపు నలభై ఏళ్లుగా జరుగుతున్న ప్రయత్నాలు చూస్తే... కొన్ని చోట్ల ఆశ్చర్యం, కొన్ని చోట్ల కోపం, చాలాచోట్ల ఆశ కలుగుతాయి.

కొడుకునో కూతురినో చూసి రావడానికి అమెరికా వెళ్లిన మన అమ్మానాన్నలు తిరిగొచ్చాక చెప్పే కబుర్లలో ఒకటి తప్పకుండా ఉంటుంది... 'అక్కడా అడుక్కునేవాళ్లున్నారమ్మా!' అని. సిగ్నల్ దగ్గర కారు ఆగుతుంది. గడ్డం పెరిగిన పెద్దమనిషి ఒకాయన అట్టముక్క పట్టుకుని నిలబడి ఉంటాడు. దానిమీద పెద్ద పెద్ద అక్షరాలు... 'హోమ్‌లెస్ వెటరన్' అని. ఇల్లు లేని మాజీ సైనికుడన్నమాట. 'మిలటరీలో చేసినవాడికి ఆ గతేమిట్రా? పింఛను రాదా?' అని వెనకసీట్లోంచి నాన్న అడుగుతాడు. ఈలోగా పచ్చలైటు వెలుగుతుంది. కారు కదిలిపోతుంది. ప్రశ్న అక్కడే ఉండిపోతుంది.

మాజీ సైనికుడు అనగానే మన కళ్లముందు మెదిలే బొమ్మ వేరు. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో సైన్యంలో చేసి, పింఛనుతో ఊరికొచ్చి, ఏ బ్యాంకు గేటు దగ్గరో తుపాకీ పట్టుకుని కూర్చునే పెద్దాయన. నెలకోసారి మిలటరీ క్యాంటీన్‌ సరుకులు, కారు బానెట్‌ మీద 'ఆర్మీ' స్టిక్కరు. అమెరికాలో అలా కాదు. అక్కడ సర్వీసు పింఛను రావాలంటే మామూలుగా ఇరవయ్యేళ్లు పూర్తిచేయాలి. చాలామంది మూడు నాలుగేళ్ల ఒప్పందం అవగొట్టుకుని బయటికొచ్చేస్తారు. పద్దెనిమిదో ఏట చేరిన కుర్రాడు ఇరవై రెండేళ్లకే 'వెటరన్' అయిపోతాడు. చేతికి పింఛను ఉండదు. తుపాకీ తప్ప వేరే పని తెలియకపోవచ్చు. (మన దేశంలోనూ 2022లో మొదలైన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ల తర్వాత కొనసాగించేది నూటికి పాతికమంది దాకానే. కాబట్టి ఈ అమెరికా సంగతులు ఇకమీదట మనకు మరీ పరాయివేమీ కావు.)

అలా బయటికొచ్చినవాళ్లలో అత్యధికులు చక్కగా స్థిరపడతారు. చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, ఇళ్లు కొనుక్కుంటారు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. కానీ కొందరికి యుద్ధం బుర్రలోంచి పోదు. టపాకాయ పేలినా బాంబు పేలినట్టే ఉంటుంది. నిద్ర పట్టదు. నిద్ర కోసం మందు, మందుతో గొడవలు, గొడవలతో విడాకులు, ఉద్యోగం పోవడం, ఆపైన పోలీసు కేసు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన తరం ఈ బాధకు పేరు కూడా లేకుండానే ఏళ్ల తరబడి అవస్థపడింది. 'పోస్ట్ ట్రమాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అన్న పేరు మానసిక వైద్యుల అధికారిక పుస్తకంలోకి ఎక్కింది 1980లో. అమెరికా దళాలు వియత్నాం వదిలి వచ్చింది 1973లో. మధ్యలోని ఆ ఏడేళ్లూ వాళ్లకు దక్కిన బిరుదులు... తాగుబోతు, పిచ్చోడు, కోపిష్ఠి.

2016లో అమెరికా న్యాయశాఖ లెక్క ప్రకారం రాష్ట్ర, ఫెడరల్ జైళ్లలో ఉన్న మాజీ సైనికులు సుమారు 1,07,400 మంది. వీళ్లంతా సైన్యంలోనూ తిన్నగా లేనివాళ్లే అనుకుంటే పొరపాటు. 2011-12లో అదే శాఖ వేసిన లెక్కలో జైల్లో ఉన్న మాజీ సైనికుల్లో నూటికి 77 మంది గౌరవంగానో, గౌరవప్రదమైన పరిస్థితుల్లోనో సైన్యం నుంచి విడుదలైనవాళ్లే!

61వ రోజు

జైలుకెళ్లిన సైనికుడికి తగిలే మొదటి దెబ్బ చాలామందికి తెలియదు. అది అరవై ఒకటో రోజున తగులుతుంది.

సైన్యంలో ఉండగా గాయపడినా, జబ్బుపడినా 'వెటరన్స్ అఫైర్స్' శాఖ... అందరూ 'వీఏ' అంటారు... వైకల్యం శాతాన్ని బట్టి నెలనెలా పరిహారం ఇస్తుంది. 2025 లెక్కల్లో నూరు శాతం వైకల్యం ఉన్న ఒంటరి వ్యక్తికి అది నెలకు 3,800 డాలర్ల పైమాటే. పది శాతానికి 175 డాలర్లు. తీవ్రమైన నేరం రుజువై జైలుకెళ్లిన సైనికుడికి 61వ రోజు నుంచి, వైకల్యం ఎంత ఎక్కువున్నా సరే, ఆ పది శాతం రేటు మాత్రమే ఇస్తారు. అప్పటిదాకా పది శాతమే అందుకుంటున్నవాడికి అందులోనూ సగం. తిండీ గూడూ జైలే చూసుకుంటుంది కదా అన్నది సర్కారు వాదన. సరే, ఆయనకు జైలు తిండి పెడుతుంది. బయట ఇంటి అద్దె కట్టాల్సిన భార్యకు ఎవరు పెడతారు?

దానికీ ఒక దారి ఉంది. కోత పడిన సొమ్ములో కొంత తమకు ఇమ్మని భార్యాపిల్లలు, ఆయనమీద ఆధారపడ్డ తల్లిదండ్రులు అర్జీ పెట్టుకోవచ్చు. అవసరం ఉందని తేలితే ఇస్తారు. కానీ ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలియాలి. కేసు, లాయరు, బెయిలు అంటూ తిరిగే రోజుల్లో ఈ అర్జీ గురించి చెప్పేవాళ్లెవరు?

ఇంతకంటే పెద్ద చిక్కు మరోటి ఉంది. శిక్ష పడిన సంగతి వీఏకి ఎవరూ చెప్పలేదనుకోండి. నెలనెలా పూర్తి సొమ్ము బ్యాంకులో పడుతూనే ఉంటుంది. ఇంట్లో ఖర్చవుతూనే ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో వీఏ కళ్లు తెరుస్తుంది. అదనంగా ఇచ్చినదంతా అప్పు కింద రాస్తుంది. మనిషి విడుదలై వచ్చి 'నా పరిహారం మళ్లీ మొదలుపెట్టండి' అని అడిగితే 'ముందు పాత బాకీ తీరనీ' అని అందులోంచే పట్టుకుంటుంది. అద్దెకు అడ్వాన్సు కట్టాల్సిన నెలలోనే చేతికి డబ్బు రాదు.

అందుకే జైళ్లకు వెళ్లి మాజీ సైనికులతో మాట్లాడే సలహాదారులు తప్పకుండా చెప్పే మాటలు రెండున్నాయి. శిక్ష పడగానే వీఏకి ఉత్తరం రాయండి. విడుదలయ్యాక ఏడాదిలోపే మళ్లీ రాయండి. ఏడాది లోపల తెలియజేస్తే విడుదలైన రోజు నుంచే పరిహారం లెక్కగడతారు. ఆలస్యమైతే ఆ నెలలన్నీ పోయినట్టే. ఇంకో మెలిక కూడా ఉంది. జైలు నుంచి నేరుగా ఇంటికి కాకుండా 'హాఫ్‌వే హౌస్' అనే మధ్యంతర వసతికి పంపినా, పగలు బయట పనిచేసి రాత్రి తిరిగొచ్చే పద్ధతిలో పెట్టినా కోత వర్తించదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంత సొమ్ము వదులుకున్నవాళ్లుంటారో!

మైదానంలో కోర్టు

1988 వేసవిలో శాన్‌డియేగోలో వియత్నాం యుద్ధంలో పనిచేసిన కొందరు కలిసి ఓ పని చేశారు. ఖాళీ మైదానంలో గుడారాలు వేసి, ఊళ్లోని ఇల్లులేని సైనికులందర్నీ మూడురోజుల పాటు అతిథులుగా పిలిచారు. వేడి అన్నం, స్నానం, క్షవరం, కొత్త బట్టలు, పళ్ల డాక్టరు, కళ్ల డాక్టరు... అన్నీ అక్కడే. ఆ శిబిరానికి 'స్టాండ్‌డౌన్' అని పేరు పెట్టారు. యుద్ధంలో అలసిన దళాన్ని ముందువరస నుంచి వెనక్కి రప్పించి, భద్రమైన చోట సేదదీరమని చెప్పేమాట అది. ఎనిమిదేళ్లుగా తొమ్మిదేళ్లుగా ఫుట్‌పాత్ మీద ఒక కన్ను తెరిచే నిద్రపోయినవాళ్లకు ఆ మాట అర్థం విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

ఆఖరిరోజు నిర్వాహకులు అడిగారు... 'మీకు అన్నిటికంటే ముఖ్యంగా కావాల్సింది ఏమిటి?' అని. ఇల్లనో, ఉద్యోగమనో, మందులనో అంటారనుకున్నారు. వచ్చిన 500 మందిలో 116 మంది చెప్పిన జవాబు వేరు... 'నామీదున్న వారెంటు తీసేయించండి!'

ఆలోచిస్తే అందులో ఆశ్చర్యం లేదు. ఇల్లు లేనివాడు ఎక్కడ పడుకున్నా నేరమే. పార్కులో పడుకుంటే జరిమానా. రైల్లో టికెట్ లేకపోతే జరిమానా. కట్టడానికి డబ్బులుండవు. కోర్టు పంపే నోటీసు అందడానికి చిరునామా ఉండదు. హాజరు కాకపోతే వారెంటు. వారెంటు ఉంటే డ్రైవింగ్ లైసెన్సు రాదు, ఇల్లు అద్దెకివ్వరు, ఉద్యోగమివ్వరు. పోలీసు కనిపిస్తే సందులోకి తప్పుకోవాలి. మళ్లీ మళ్లీ లోపలికీ బయటికీ తిరిగేవాళ్లలో చాలామందిది ఇదే చక్రం.

స్టీవ్ బైండర్ అని, పేదల తరఫున వాదించే ప్రభుత్వ న్యాయవాది ఒకాయన ఈ సంగతి పట్టుకున్నారు. కోర్టుకు రాలేనివాళ్ల దగ్గరికి కోర్టే వెళితే ఏమవుతుంది? 1989 స్టాండ్‌డౌన్‌లో జడ్జి, ప్రాసిక్యూటరు, గుమస్తా ఫైళ్లతో సహా మైదానానికే వచ్చేశారు. జరిమానా కట్టలేనివాడు దానికి బదులుగా ఏం చేశాడో చూపిస్తే చాలు. మద్యం మానే కార్యక్రమానికి వెళుతున్నాడా? చదువుకుంటున్నాడా? ఎక్కడైనా సేవ చేస్తున్నాడా? ఆ కాగితం చూసి కేసు కొట్టేసేవారు. 1989 నుంచి 1992 దాకా అలా 942 మంది సైనికుల మీదున్న 4,895 కేసులు పరిష్కారమయ్యాయి. మనిషికి సగటున అయిదు కేసులు! అన్నీ చిల్లర కేసులే. కానీ ఆ చిల్లరే వాళ్లను ఇంటి గుమ్మం ఎక్కనివ్వకుండా ఆపింది. ఆ తర్వాత ఈ 'హోమ్‌లెస్ కోర్టు' సైనికులకే పరిమితం కాలేదు. అనాథ వసతి గృహాల్లో నెలనెలా జరిగే మామూలు కోర్టుగా మారింది. వేరే ఊళ్లూ దాన్ని తెచ్చిపెట్టుకున్నాయి.

అలాంటిదే మరోటి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పుట్టింది. అక్కడ రాబర్ట్ రసెల్ అనే జడ్జి మానసిక సమస్యలున్న నిందితుల కోర్టు చూసేవారు. ఓరోజు ఓ వియత్నాం సైనికుడు బోనులోకొచ్చాడు. తల దించుకునే ఉన్నాడు. ఏమడిగినా 'ఊ', 'ఆ'... అంతే. జడ్జిగారికి ఏం చేయాలో పాలుపోలేదు. ఆ కోర్టు హాల్లోనే పనిచేసే ఇద్దరు ఉద్యోగులు వియత్నాం వెళ్లొచ్చినవాళ్లని ఆయనకు గుర్తొచ్చింది. 'కాస్త బయటికి తీసుకెళ్లి మాట్లాడండి' అన్నారు. ఇరవై నిమిషాల తర్వాత ముగ్గురూ తిరిగొచ్చారు. అప్పటిదాకా కూలబడినట్టున్న మనిషి నిటారుగా, చేతులు వెనక్కి కట్టుకుని సైనికుడిలా నిలబడ్డాడు. జడ్జి కళ్లలోకి సూటిగా చూస్తూ 'ఇకపై గట్టిగా ప్రయత్నిస్తాను' అన్నాడు. వరండాలో వాళ్లేం మాట్లాడుకున్నారో గానీ, 2008 జనవరిలో మాజీ సైనికుల కోసమే ప్రత్యేక కోర్టు ప్రారంభించారు రసెల్. అక్కడ ప్రతి నిందితుడి పక్కనా ఓ మాజీ సైనికుడు తోడుంటాడు. చికిత్సకు వెళ్లాడా లేదా అని ఆరా తీస్తాడు. ఎగ్గొడితే అక్షింతలు వేస్తాడు. అన్నీ సక్రమంగా పూర్తిచేస్తే శిక్ష తగ్గడమో, కేసే పోవడమో జరుగుతుంది. ఇప్పుడు అమెరికాలో అలాంటి కోర్టులు వందల్లో ఉన్నాయి.

గేటు లోపలే మొదలు

ఇవన్నీ జైలుకెళ్లకుండా ఆపే ప్రయత్నాలు. మరి ఇప్పటికే లోపలున్నవాళ్ల సంగతి?

కాలిఫోర్నియా జైలు నుంచి విడుదలయ్యేవాళ్ల చేతికి ఇచ్చేది 200 డాలర్లు. 1973లో ఖరారైన మొత్తం అది. వేసుకోవడానికి బట్టలు జైలు ఇస్తే ఆ ఖర్చు, బస్సు టికెట్టు కొనిస్తే ఆ ఖర్చు కూడా అందులోంచే. మిగిలిన డబ్బుతో ఆ ఊళ్లో మోటెల్‌లో ఒకరాత్రి గడపడమే కష్టం. గుర్తింపు కార్డు లేదు. ఫోను లేదు. కొందరికి పిల్లలకు కట్టాల్సిన భరణం బాకీ మాత్రం ఉంటుంది. ఆ మొదటి రాత్రి ఎక్కడ పడుకుంటాడన్న దాన్నిబట్టే ఆ తర్వాతి కథంతా.

అందుకే వీఏ 2007 నుంచి 'రీఎంట్రీ' నిపుణుల్ని జైళ్లకు పంపుతోంది. చట్టప్రకారం ఖైదీకి వైద్యం చేయించాల్సింది జైలు అధికారులే కాబట్టి వీళ్లు లోపల మందుబిళ్ల కూడా ఇవ్వలేరు. మాట్లాడతారు, కాగితాలు నింపిస్తారు, బయటికి రాగానే ఏ ఆస్పత్రికి, ఏ వసతి గృహానికి వెళ్లాలో ముందే కుదురుస్తారు. విడుదలకు నాలుగైదు నెలల ముందు మొదలుపెడితే గానీ ఈ పని తెమలదు.

అసలు జైల్లో సైనికులెవరో కనుక్కోవడమే పెద్ద పని. 'మీరు వెటరనా?' అని అడిగితే చాలామంది 'కాదు' అంటారు. సిగ్గు కొందరికి. ఇంటికొచ్చే డబ్బు ఆగిపోతుందేమోనని భయం కొందరికి. యుద్ధానికి వెళ్లలేదు కాబట్టి తాము వెటరన్లమే కాదనుకునేవాళ్లు ఇంకొందరు... ముఖ్యంగా ఆడవాళ్లు. అందుకే అనుభవమున్నవాళ్లు ప్రశ్న మార్చేశారు. 'ఎప్పుడైనా సైన్యంలో పనిచేశారా?' అని అడుగుతారు. దానికి 'ఆ, చేశాను' అని జవాబొస్తుంది. తర్వాత వీఏ మరో ఏర్పాటూ చేసింది. జైళ్లు తమ ఖైదీల జాబితా పంపితే సైనిక రికార్డులతో పోల్చి పేర్లు తీసి ఇస్తుంది. నోటితో చెప్పినవాళ్లకంటే ఆ జాబితాలో ఎక్కువమందే తేలుతున్నారు.

ఇక కాగితాలు. మనకు రేషన్ కార్డు ఎలాగో అక్కడి మాజీ సైనికుడికి 'డీడీ-214' అలాగ. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వచ్చేశాడు, ఎలాంటి పరిస్థితుల్లో వచ్చేశాడు... అన్నీ ఆ ఒక్క కాగితంలో ఉంటాయి. అది లేకపోతే ఏ పథకమూ రాదు. ఫుట్‌పాత్ మీద బతికినవాడి దగ్గర అది ఉంటుందా? తడిసిపోయిన సంచిలోనో, పోగొట్టుకున్న ట్రంకుపెట్టెలోనో పోయి ఉంటుంది. నకలు కావాలంటే సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కార్యాలయానికి రాయాలి. 1973 జులై 12న ఆ భవనంలో చెలరేగిన మంటల్లో కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు కాలిబూడిదయ్యాయి. కాలిపోయినవి ఎక్కువగా 1960కి ముందు ఆర్మీ నుంచి విడుదలైనవాళ్లవి. దాంతో ముసలి సైనికులు కొందరు తాము సైనికులమని రుజువు చేసుకోవడానికి కూడా పాట్లు పడాల్సి వచ్చింది.

అదే కాగితంలో 'గౌరవప్రదం కాని' విడుదల అని రాసి ఉంటే మరీ కష్టం. యుద్ధం నుంచి వచ్చిన మానసిక బాధతో తాగి, పై అధికారిని ఎదిరించి, ఆ ముద్రతో బయటపడ్డవాళ్లున్నారు. జబ్బే వాళ్లకు చికిత్స అందకుండా చేసిందన్నమాట! ఆ ముద్ర మార్పించడానికి న్యాయసహాయం చేసే సంస్థలున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1974లో మొదలైన 'స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్' వాటిలో పాతది. కేసు తేలడానికి నెలలూ సంవత్సరాలూ పడుతుంది. 2021 నుంచి ఇలాంటివాళ్లలోనూ చాలామందికి ఇంటి పథకం వర్తింపజేస్తున్నారు.

ముందు ఇల్లు

ఇల్లు ఎప్పుడివ్వాలి? పాత పద్ధతిలో ఇల్లు అనేది బహుమతి. తాగుడు మానాలి, మందులు వేసుకోవాలి, వసతి గృహంలో బుద్ధిగా ఉండాలి, అప్పుడు ఇల్లు. మధ్యలో ఒక్కరోజు తాగితే మళ్లీ మొదటి మెట్టుకు... వైకుంఠపాళిలో పాము మింగినట్టే. న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో దీన్ని తిరగేశారు. ముందు తాళంచెవి ఇచ్చేయండి, మిగతావి తర్వాత చూద్దాం అన్నారు. తలుపు వేసుకుని నిద్రపోయే చోటు లేనివాడు తాగుడు ఎలా మానతాడన్నది ఆయన ప్రశ్న. మొదట్లో నవ్వినవాళ్లే ఎక్కువ. కానీ ఇల్లు ఇచ్చినవాళ్లలో అత్యధికులు ఆ ఇంట్లోనే నిలిచారు. 'హౌసింగ్ ఫస్ట్' అనే ఆ పద్ధతిని మాజీ సైనికుల విషయంలో వీఏ కూడా అందుకుంది.

అక్కడి గృహనిర్మాణ శాఖ, వీఏ కలిసి నడిపే పథకం 1992లోనే చిన్నగా మొదలైంది. అసలు ఊపు వచ్చింది 2008లో. సైనికుడు తన ఆదాయంలో సుమారు 30 శాతం అద్దెగా కడితే చాలు. మిగతాది ఇంటి యజమానికి ప్రభుత్వం కడుతుంది. వీఏ నుంచి ఒక కేస్ మేనేజర్ వచ్చిపోతుంటారు. జైలు నుంచి వచ్చినవాళ్లకు ఇందులో ఓ పెద్ద వెసులుబాటు ఉంది. పాత నేరం ఉందన్న కారణంతో గృహనిర్మాణ సంస్థ ఈ వోచరు నిరాకరించడానికి వీల్లేదు. లైంగిక నేరాల జాబితాలో జీవితాంతం ఉండాల్సినవాళ్లకు మాత్రం మినహాయింపు.

అయితే వోచరు ఇవ్వడం వేరు, ఇల్లు దొరకడం వేరు. యజమాని ఒప్పుకోవాలి కదా! హైదరాబాద్‌లో బ్రహ్మచారి కుర్రాళ్లు 'టులెట్' బోర్డు చూసి గేటు తట్టినప్పుడు ఎదురయ్యే చూపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు జైలు నుంచి వచ్చినవాడి తిప్పలు ఊహించుకోవడం కష్టం కాదు. అందుకే చాలా ఊళ్లలో స్వచ్ఛంద సంస్థలు యజమానుల దగ్గరికి తామే వెళతాయి. అడ్వాన్సు మేం కడతాం, ఇల్లు పాడైతే బాగుచేయిస్తాం, గొడవొస్తే అర్ధరాత్రయినా మాకు ఫోన్ చేయండి అని హామీ ఇస్తాయి. ఆ ఫోన్ నంబరే చాలామంది యజమానుల మనసు మార్చిందట.

హ్యూస్టన్ కథ ఇక్కడ చెప్పుకోదగ్గది. 2011 ప్రాంతంలో అక్కడ ఓ మాజీ సైనికుడు వీధిలోంచి ఇంట్లోకి చేరాలంటే 76 దశలు దాటాలి. పట్టే సమయం 720 రోజులు! ఒక ఆఫీసులో ఇచ్చిన కాగితానికి ఇంకో ఆఫీసులో గడువు ముగిసేది. మళ్లీ మొదటికి. ఊళ్లోని సంస్థలన్నీ ఒక బల్ల ముందు కూర్చుని, ఎవరి ఫారాలు వాళ్లు పక్కనపెట్టి, ఒకే జాబితా పెట్టుకున్నాయి. పదేళ్లు తిరిగేసరికి ఆ సమయం 32 రోజులకు దిగింది. కొత్త చట్టమేమీ రాలేదు. ఫారాలు తగ్గాయి, అంతే. న్యూ ఓర్లీన్స్ ఇంకా ముందే పని ముగించింది. 2014 ఏడాదిలో 227 మందిని ఇళ్లకు చేర్చి, 2015 జనవరిలో అమెరికాలోని పెద్ద నగరాల్లో మొదటగా 'మా ఊళ్లో వీధిన పడ్డ సైనికుడు లేడు' అని ప్రకటించింది. అంటే ఇక ఎవరూ ఇల్లు పోగొట్టుకోరని కాదు. పోగొట్టుకున్నవాడికి వెంటనే మరో ఇల్లు చూపించే ఏర్పాటు ఉందని.

ఆ గడిలో టిక్కు పెట్టాలా?

ఇల్లొచ్చాక పని. ఉద్యోగ దరఖాస్తులో చిన్న గడి ఒకటి ఉండేది. 'ఎప్పుడైనా శిక్ష పడిందా?' అని. టిక్కు పెడితే దరఖాస్తు చెత్తబుట్టలోకి. పెట్టకపోతే అబద్ధమాడినట్టు. ఆ గడి తీసేయమంటూ కాలిఫోర్నియాలో జైలుకెళ్లొచ్చినవాళ్లే 2004లో ఉద్యమం మొదలుపెట్టారు. రాష్ట్రాలు ఒక్కొక్కటే దారికొచ్చాయి. ఫెడరల్ ఉద్యోగాల్లో 2021 డిసెంబరు నుంచి, ఉద్యోగం ఇస్తామని చెప్పేదాకా ఆ ప్రశ్న అడగకూడదు.

యజమానుల భయం తీర్చడానికి ఇంకో చిట్కా ఉంది. 1966 నుంచీ ఉన్నదే గానీ తెలిసినవాళ్లు తక్కువ. జైలు నుంచి వచ్చినవాణ్ని పనిలో పెట్టుకుంటే మొదటి ఆరు నెలలకు ప్రభుత్వం ఉచితంగా 5,000 డాలర్ల బాండు ఇస్తుంది. దొంగతనమో మోసమో జరిగి నష్టపోతే ఆ సొమ్ము యజమానికి వస్తుంది. మన చంచల్‌గూడ జైలు పెట్రోలు బంకులో ఖైదీల చేతికి నగదు సంచి ఇచ్చి నడిపించినట్టే, ఇక్కడా అసలు విషయం ఒక్కటే... ఎవరో ఒకరు మొదట నమ్మాలి.

సైన్యంలో నేర్చుకున్న పనే బయట అక్కరకు రాకపోవడం మరో విడ్డూరం. ఇసుక తుపానులో పది చక్రాల ట్రక్కు నడిపినవాడికి బయట ట్రక్కు నడిపే లైసెన్సు విడిగా కావాలి. సైన్యం వదిలిన ఏడాదిలోపు దరఖాస్తు చేసుకుంటే డ్రైవింగ్ పరీక్ష మినహాయిస్తారు. జైల్లో అయిదేళ్లు గడిపి వచ్చినవాడికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అలాంటివాళ్ల కోసం కార్మిక శాఖ 1987 నుంచి ఓ పథకం నడుపుతోంది. దానికింద స్వచ్ఛంద సంస్థలు లైసెన్సు ఫీజు, పనిముట్లు, బూట్లు, బస్ పాసు లాంటివి సమకూరుస్తాయి. వెల్డింగ్, ట్రక్ డ్రైవింగ్, ఏసీ మరమ్మతు... ఎక్కువమంది చేరేది వీటిలోనే. పాత కేసుల గురించి మరీ గుచ్చిగుచ్చి అడగని పనులు ఇవే మరి.

తెల్లవారుజామున అయిదింటికి షిఫ్టు అంటే కుర్రాళ్లు గొణుగుతారు. వీళ్లు నాలుగున్నరకే వచ్చి నిలబడతారని సూపర్‌వైజర్లు చెబుతుంటారు. సైన్యమూ జైలూ రెండూ నేర్పేది తెల్లవారకముందే లేవడమే కదా!

సైనికుల భూమి

అన్నీ ఇలా సవ్యంగా సాగుతాయని కాదు. లాస్ ఏంజెలెస్‌నే తీసుకోండి. గాయపడిన సైనికులకు ఆశ్రమం కట్టమని 1888లో ఓ సెనేటరు, ఓ భూస్వామ్యురాలు కలిసి ప్రభుత్వానికి భూమి దానమిచ్చారు. చాలాకాలం అక్కడ వేలమంది సైనికులు నివసించారు. 1970ల కల్లా ఆ భవనాలు మూతపడ్డాయి. మిగిలిన 388 ఎకరాల్లో కొంత భాగం లీజులకెళ్లింది. విశ్వవిద్యాలయ బేస్‌బాల్ స్టేడియం, ప్రైవేటు స్కూలు ఆటస్థలాలు వెలిశాయి. వాటి గోడ బయట ఫుట్‌పాత్ మీద సైనికులు జెండాలు కట్టిన గుడారాల్లో పడుకున్నారు. 2011లో మొదటి దావా వేశారు. రాజీ కుదిరింది, ఇళ్లు మాత్రం నత్తనడకన వచ్చాయి. 2022లో మళ్లీ వేశారు. 2024 సెప్టెంబరులో జడ్జి డేవిడ్ కార్టర్ ఆ లీజులు చెల్లవని తేల్చి, 1,800 శాశ్వత ఇళ్లు, 750 తాత్కాలిక వసతులు కట్టమని ఆదేశించారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. 2025 మేలో అధ్యక్షుడు ట్రంప్ అదే స్థలంలో 2028 నాటికి 6,000 మంది సైనికులకు వసతి కల్పించాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఏడాది జులైలోనే ఇంకో ఉత్తర్వు వచ్చింది... 'హౌసింగ్ ఫస్ట్' పద్ధతికి ఫెడరల్ మద్దతు ఆపేయమని. ఓ చేత్తో ఇల్లు, ఇంకో చేత్తో పాత షరతులు. ఏది గెలుస్తుందో మరి.

ఏటా జనవరి చివరి పదిరోజుల్లో అమెరికా ఊళ్లన్నిటిలో ఒక రాత్రి వీధుల్లో ఉన్నవాళ్లను లెక్కపెడతారు. 2024 జనవరి లెక్కలో మొత్తం ఇల్లులేనివాళ్లు 7,71,480 మంది. లెక్కలు మొదలైనప్పటి నుంచీ అంత సంఖ్య ఎప్పుడూ లేదు. కానీ అదే లెక్కలో మాజీ సైనికుల వరస చూస్తే 32,882 ఉంది. 2010లో అది 74 వేల పైచిలుకు. మిగతా అందరి సంఖ్యా పెరుగుతుంటే వీళ్ల సంఖ్య మాత్రం సగానికి పైగా తగ్గింది.

లెక్కపెట్టేవాళ్లు ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలే. చలికోట్లు వేసుకుని, టార్చిలైట్లు పట్టుకుని, వంతెనల కిందకీ పార్కుల్లోకీ వెళతారు. సంచుల్లో కొత్త సాక్సులుంటాయి. నిద్రపోయేవాళ్ల మొహం మీద లైటు వేయరు. మేలుకుని ఉన్నవాళ్ల పక్కన గొంతుక్కూర్చుని, సాక్సుల జత చేతికిచ్చి, అట్టకు తగిలించిన ఫారం చూస్తూ మెల్లగా అడుగుతారు.

'అయ్యా, ఎప్పుడైనా సైన్యంలో పనిచేశారా?'